మైకు లేని గొంతు

సీతాఫల్‌మండిలో లోకల్ రైలెక్కి కాచిగూడ వైపు వెళితే వచ్చే స్టేషన్ ఆర్ట్స్ కాలేజీ, అంటే ఉస్మానియా. అటు కాకుండా సికింద్రాబాద్ మీదుగా చివరిదాకా కూర్చుంటే లింగంపల్లి. అక్కడికి దగ్గర్లోనే సురభి నాటక కుటుంబాల కాలనీ. చదువు ఈ కొసన, పాడుతూ ఆడే నాటకం ఆ కొసన. మన యూనివర్సిటీల్లోనూ అంతే, సంగీతం ఒక శాఖ, నాటకం ఇంకో శాఖ. రెండూ కలిపి గొంతు మొదలు నడక దాకా ఒకే డిగ్రీగా నేర్పే చోటు కావాలంటే మాత్రం లోకల్ రైలు చాలదు. ఆ చదువు పేరు ఒపేరా.

మా వీధుల్లో ఎమ్మెస్‌కి ఎవరూ అమెరికా వెళ్లని ఇల్లు వెతుక్కోవాలి. ఆ పిల్లల్లో ఒకరు ‘ఒపేరా నేర్చుకుంటాను’ అంటే ఇంట్లో వచ్చే మొదటి మాట ‘పాటలకా అంత ఫీజు?’ అనే. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే అక్కడ ఏం నేర్పుతారో చూడాలి. నాకు తోచినంతవరకు ఆ విద్య అంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది. మైకు లేకుండా, యాభై అరవై వాయిద్యాల మోత దాటించి, ఆఖరి వరసలో కూర్చున్నవాడి చెవిదాకా మనిషి గొంతును పంపడమే ఆ పని. పట్టుబట్టలూ దీపాలూ, ప్రాణం పోతూ కూడా పావుగంట పాడే నాయికలూ అన్నీ దాని తర్వాతే.

పుట్టుక చూస్తే ఇది మనకి మరీ దూరపు చుట్టమేమీ కాదు. గ్రీకులు తమ నాటకాలను పాడుతూ ఆడేవారని ఫ్లారెన్స్ పండితులు కొందరు నమ్మి, 1600 ప్రాంతంలో అలాంటివి తామే తయారుచేయబోయారు. మాంటెవెర్డీ ‘ఓర్ఫేయో’ 1607లో మాంటువా రాజాస్థానంలో ఆడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తంజావూరులో రఘునాథ నాయకుడు, ఆయన తర్వాత కొడుకు విజయరాఘవుడు తెలుగు కవుల్ని పోషించారు. విజయరాఘవుడు స్వయంగా యక్షగానాలు రాశాడు, ఆయన ఆస్థానంలో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. వెనిస్‌లో టిక్కెట్టు కొని చూసే మొదటి ఒపేరా హాలు 1637లో తెరిచేనాటికి విజయరాఘవుడు గద్దెనెక్కి కొన్నేళ్లే. అక్కడ ఆట బజారుకు ఎక్కింది, ఇక్కడ రాజు మీద ఆధారపడింది. 1673లో ఆ రాజ్యం పోయింది. తమిళదేశంలో మేలట్టూరు భాగవత మేళం మాత్రం ఇప్పటికీ తెలుగులోనే పాడి ఆడుతోంది.

ఇక పనితనం. వాద్యబృందం శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ పొందిన ఒపేరా గాయకుడి గొంతులో, ముఖ్యంగా మగగొంతుల్లో, 3000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా ఒక మోగుడు పేరుకుంటుంది. వాయిద్యాలు వదిలేసిన ఆ ఖాళీలోంచే గొంతు బయటపడుతుంది, పైగా మన చెవికి బాగా పట్టే ప్రాంతం కూడా అదే. స్వీడన్‌కి చెందిన యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీన్ని కొలిచి వివరించాడు. కాబట్టి ఒపేరా గాయకుడు అరవడు. అరిచినవాడి గొంతు రెండో అంకానికి ఉండదు.

ఆ మోగుడు తెప్పించడానికి ఏళ్లు పడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు విచ్చుకున్న పక్కటెముకలను పాడినంతసేపూ కూలిపోనివ్వకుండా నిలపాలి. ఇటాలియన్లు దీన్ని అప్పోజియో అంటారు. స్వరపేటికను పైకి ఎగరనివ్వకుండా కాస్త కిందికే ఉంచి, దాని పైన గొంతును ఆవులింత మొదలైనప్పటిలా విశాలంగా తెరవాలి. స్థాయి పెరిగేకొద్దీ గొంతులో ఒక మలుపు వస్తుంది, దాని పేరు పస్సాజ్జో. అక్కడ ‘ఆ’ని ‘ఆ’గానే పట్టుకుంటే గొంతు పగులుతుంది. దాన్ని కొద్దిగా ‘ఓ’ వైపు తిప్పితే వినేవాడికి ‘ఆ’ అనే అనిపిస్తుంది, పాడేవాడికి దారి దొరుకుతుంది. ఆడగొంతు ఇంకా పైకి పోతే అచ్చులన్నీ ఒకటైపోతాయి, మాట తెలియదు. సొంత భాషలో పాడినా జనానికి అర్థం కాని కళ ఇది. 1983లో టొరంటోలో వేదిక పైన తెర మీద మాటలు వేయడం మొదలుపెట్టాక ప్రేక్షకులకు ఊపిరాడింది.

మన పద్యనాటకం ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. ఉత్పలమాలో సీసమో ఏదైనా సరే, నటుడు ముందు మాటలన్నీ దాదాపు చదువుతున్నట్టే స్పష్టంగా అనేస్తాడు. పాదం చివర, పద్యం చివర ఆగి అప్పుడు రాగం తీస్తాడు. అర్థం చేరిపోయాకే గొంతు విహారం. పైగా ఒపేరాలో స్వరకర్త రాసిపెట్టిన స్వరాలు చాలావరకు మారవు, ఇక్కడ రాగం ఎంపికలో, దాన్ని ఎంతసేపు సాగదీయాలన్న దాంట్లో నటుడికి స్వేచ్ఛ ఉంది, హార్మోనియం అతని వెంట నడుస్తుంది. పద్యం జనానికి ముందే నోటికి వచ్చు, కాబట్టి తెర మీద మాటల పని లేదు. ఒన్స్ మోర్ అని కేకలేస్తే చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడేదని పాతవాళ్లు నవ్వుతూ చెబుతారు. మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హాల్లో మళ్లీ పాడటం నిషిద్ధంగా ఉండేది. 1933 తర్వాత ఆ కట్టు తెంచిన మొదటి ఒంటరి గాయకుడు 2007లో హువాన్ దియేగో ఫ్లోరెస్.

ఈ రాగాల మోతను మనవాళ్లందరూ మెచ్చలేదు. బళ్లారి రాఘవ పద్యాన్ని సంగీతంగా సాగదీయడం నటనకు అడ్డమన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. కానీ 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాలు ఊరూరా పందిళ్లలో ఆడినప్పుడు మైకులు లేవు. ఎత్తు శ్రుతిలో పాడటం ఆడంబరం కాదు, చివర చాప మీద కూర్చున్నవాడికి వినిపించే ఉపాయం. ఆ విద్య పిల్లలకు ఇంట్లోనే, వేదిక పక్కనే అబ్బింది. మైకు వేలాడదీశాక ఆ అవసరం పోయింది, అవసరంతో పాటు పనితనమూ సన్నగిల్లింది. ఒపేరా మైకును వద్దనుకుంది, ఆ మొండితనాన్ని కాపాడే పని కళాశాలలకు అప్పగించింది. ఫీజు గురించి అడిగిన ఇంటివాళ్లకు నేను చెప్పేది ఇదే.

తెలుగు పిల్ల అక్కడికి వెళితే ఏమవుతుంది? మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కనుక ఇటాలియన్ ఇట్టే వచ్చేస్తుందని అందరూ అంటారు. అందులో కొంత మన గొప్ప కూడా కలిసి ఉంది. నిజంగా పనికొచ్చేవి ద్విత్వాలు. అమ్మ, అక్క, కన్ను అంటూ పెరిగిన నాలుక ఇటాలియన్ ద్విత్వాలను తేలిగ్గా నిలపగలదు, ఇంగ్లీషు పిల్లలు అక్కడే తడబడతారు. శ్రుతి, తాళం మనవాళ్లకు కొట్టిన పిండే. అడ్డం వచ్చేది మైకు ముందు పెరిగిన గొంతు. సినిమా పాట నేర్చిన అమ్మాయి మైకుకి అంగుళం దూరంలో గుసగుసగా పాడుతుంది. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు గమకాన్ని కావాలని వేస్తారు, ఒపేరా గొంతులో సెకనుకు ఐదారుసార్లు వచ్చే కంపం దానంతట అదే రావాలి. ఈ లెక్కన సభల్లో పాడే విద్వాంసుడి కన్నా హరిశ్చంద్ర వేషం కట్టే నటుడే ఒపేరాకు దగ్గరివాడని నా అభిప్రాయం.

యూనివర్సిటీలో వారానికి ఒక్క గంట గురువు దగ్గర ఒంటరి పాఠం. మిగతా రోజులన్నీ ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచి ఉచ్చారణ, చూసి స్వరం పాడటం, పియానో, నటన, కత్తియుద్ధం కూడా. సెమిస్టర్ చివర గురువుల బృందం ముందు పాడాలి. ఇండియానా యూనివర్సిటీ బ్లూమింగ్టన్‌లో విద్యార్థుల ఒపేరాలు పూర్తి వాద్యబృందంతో, 1,400 పైగా సీట్లున్న హాల్లో ఆడతాయి. ఇరవై ఏళ్ల గొంతుకు మొజార్ట్ ఇస్తారు, వాగ్నర్ జోలికి పోనివ్వరు. ఆ బరువు మోయడానికి ముప్ఫై దాటాలి. ‘ఫిగారో వివాహం’లో కెరుబీనో అనే కుర్రాడి వేషం ఆడపిల్లే కడుతుంది. సత్యభామగా స్థానం నరసింహారావుని మెచ్చిన తెలుగువాళ్లకు అది వింత కాదు. మన పిల్లను అక్కడివాళ్లు ‘లక్మే’ గురించి మాత్రం తప్పక అడుగుతారు. 1883లో పారిస్‌లో తొలిసారి ఆడిన ఆ ఒపేరాలో నాయిక మన దేశపు బ్రాహ్మణ పూజారి కూతురు. పాట అద్భుతం, దేశం ఊహాజనితం.

ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. ముంబైలో పుట్టిన సొప్రానో ప్యాట్రీషియా రొజారియో లండన్ గిల్డ్‌హాల్‌లో చదివి పేరు తెచ్చుకుంది. 2009 నుంచి ‘గివింగ్ వాయిస్ టు ఇండియా’ పేరిట ఇక్కడి పిల్లలకు నేర్పుతోంది. పూర్తి డిగ్రీకి ధైర్యం చాలనివాళ్లకి ఇంకో దారి ఉంది. చాలా యూనివర్సిటీల్లో ఏ శాఖ విద్యార్థయినా బృందగానానికి పరీక్ష ఇవ్వొచ్చు, కంప్యూటర్ సైన్స్ వాళ్లతో సహా.

డిగ్రీకి దరఖాస్తుతో పాటు వీడియో అడుగుతారు. సాధారణంగా రెండు మూడు పాటలు, ఒకటి ఇటాలియన్‌లో, ఒకటి ఇంగ్లీషులో, పియానోతో, కోతలు లేకుండా. సికింద్రాబాద్‌లో వీటికి సాయం దొరుకుతుంది. కంటోన్మెంటు రోజుల నుంచీ ఇక్కడి చర్చిల్లో నాలుగు గొంతుల బృందగానం ఉంది, ట్రినిటీ సంగీత పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే పియానో టీచర్లూ ఉన్నారు. రికార్డింగుకి స్టూడియోకి పోకండి. అక్కడి కుర్రాడు మంచి మనసుతోనే గొంతుకు ప్రతిధ్వని కలిపి, శ్రుతి సరిచేసి ఇస్తాడు. అది విన్న పరీక్షకుడు తర్వాతి ఫైలు తెరుస్తాడు. ఎత్తయిన కప్పున్న చర్చి హాలు ఒక మధ్యాహ్నం అడిగి తీసుకుని, ఫోన్‌ని పదిహేనడుగుల దూరంలో పెట్టి పాడితే చాలు.