అడుగున ఇంకేమున్నాయిరా?

ఎండాకాలంలో చేంతాడు తెగి బొక్కెన బాయిలో పడితే మా ఆదోనిలో రెండే దారులు. తాడుకు ఇనుప కొక్కేల గుత్తి కట్టి అడుగంతా గీరడం ఒకటి. దానికి చిక్కకపోతే, ఈత బాగా వచ్చిన కుర్రాణ్ని దింపడం రెండోది. దిగినవాడు బొక్కెనతో పాటు ఎవరి చెంబో, ఎవరి చెప్పో కూడా తెచ్చేవాడు. గట్టు మీదివాళ్లు మాత్రం వాడు ఊపిరి తీసుకోకముందే అడిగేవాళ్లు: "అడుగున ఇంకేమున్నాయిరా?"

సముద్రంలో దిగి చెత్త తీసే స్వచ్ఛంద డైవర్ల పని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ కేకే వినిపిస్తుంది. తీసుకురావడం సగం పనే. ఏముందో చూసి వచ్చి చెప్పడం మిగతా సగం.

2022 ఆగస్టు 26న విశాఖలో గోకుల్ బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు 28 కిలోమీటర్ల తీరాన్ని వేలమంది కలిసి శుభ్రం చేశారు. 76 టన్నుల ప్లాస్టిక్ చెత్త ఎత్తినట్టు లెక్క చెప్పారు. గొప్ప పనే. కాకపోతే ఒడ్డుకు కొట్టుకొచ్చేది తేలే చెత్త. మూత బిగించిన నీళ్ల సీసా తేలుతుంది. మూత ఊడితే నీళ్లు నిండి మునిగిపోతుంది. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. నైలాన్ వల నీటికన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. అక్కడిది ఏ చీపురుకూ అందదు. విశాఖలో స్కూబా నేర్పే ప్లాటిపస్ ఎస్కేప్స్ బృందం, తిరువనంతపురంలో ఫ్రెండ్స్ ఆఫ్ మెరైన్ లైఫ్ వంటివాళ్లు దిగేది దానికోసమే.

వల అనగానే మా ఊరి పత్తి గుర్తొస్తుంది. ఒకప్పుడు సముద్రపు వలలు కూడా నూలువీ జనపవీనే. త్వరగా కుళ్లకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి ఆరేసేవాళ్లు. అయినా కొన్నాళ్లకు చివికిపోయేవి. 1938 ప్రాంతంలో మన జాలరుల చేతుల్లో ఉన్నవి అలాంటి వలలే. తర్వాత నైలాన్ వచ్చింది. తేలిక, గట్టిది, ఏళ్లు మన్నుతుంది. తెగిపోయి రాయికి చుట్టుకున్నాక కూడా అంతే మన్నుతుంది, చిక్కు అక్కడే. చేప ఇరుక్కుంటుంది. దాన్ని తినబోయి పీతా ఇరుక్కుంటుంది. పట్టేవాడు లేని వేట అలా సాగుతూనే ఉంటుంది. అలాంటి వలను దెయ్యపు వల అంటారు. జాలరిని తిట్టి లాభం లేదు. వల ఖరీదు తెలిసినవాడెవడూ కావాలని వదులుకోడు.

ఆ వలను పట్టుకుని గుంజకూడదు. గుంజితే రాతి మీద పెరిగిన జీవాలు ఊడి వస్తాయి, మడ్డి లేచి చూపు ఆనదు, డైవరే అందులో చుట్టుకుపోవచ్చు. అందుకే జంటగా దిగుతారు. మునగకుండా, తేలిపోకుండా నీటి మధ్యలో నిలబడి, వల అంచు దగ్గర మొదలుపెట్టి, మొండి మొన కత్తెరతో ముక్కముక్కగా కోస్తారు. రెండోవాడు ఆ ముక్కల్ని జాలీ సంచిలో వేసుకుంటూ, జోడీ కాళ్ల రెక్కలకు ఏ పోగూ తగలకుండా కాపలా కాస్తాడు. బరువైన దానికి గాలిసంచి కడతారు. లీటరు గాలి సుమారు కిలో బరువు లేపుతుంది. పది మీటర్ల లోతులో నింపిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. కాబట్టి పోతూ పోతూ సంచి వేగం అందుకుంటుంది, కింద ఎవరూ ఉండకూడదు. డబ్బాలో ఆక్టోపస్ కాపురముందేమో చూడాలి. నాచూ జీవాలూ పట్టి రాయిలో కలిసిపోయిన వస్తువును తీయకుండా వదిలేయడమే మంచిది. ఏమిటో తెలియని పీపాల జోలికి అసలే పోరు.

ఇక లెక్క. ఇప్పుడు ప్యాడీ అవేర్ అని పిలిచే సంస్థ 2011లో మొదలుపెట్టిన 'డైవ్ అగైనెస్ట్ డెబ్రిస్' పద్ధతిని ప్రపంచమంతా వాడుతున్నారు. వీలైతే నెలనెలా అదే చోట దిగాలి. ఎంత మేర చూశారు, ఎంత లోతు, ఎంతసేపు, ఏ రకానివి ఎన్ని, బరువెంత, ఏ జీవి చిక్కుకుని ఉంది, అన్నీ రాయాలి. ఒడ్డున ఏరినవి ఇందులో కలపకూడదు. ఏమీ దొరకని రోజు కూడా సున్నా అని రాయాలి. ఆ సున్నా లేకపోతే చెత్త పెరిగిందో తగ్గిందో తేలదు.

కష్టపడి దిగి సున్నా రాయడానికి చేతులు రావు, అది నిజమే. వట్టి చేతులతో బాయిలోంచి పైకొచ్చి "ఏం లేదవ్వా" అన్న కుర్రాడికి కూడా మా అవ్వ బెల్లం ముక్క పెట్టేది.