నిలబడటమే పనిగా పుట్టిన కాళ్లు

అసలు విమానానికి ల్యాండింగ్ గేర్, అంటే చక్రాల కాళ్లు, చేసేవాళ్లు ముందుగా ఆలోచించేది దిగేటప్పుడు తగిలే దెబ్బ గురించి. గాజు బీరువాలో పెట్టుకునే స్కేల్ మోడల్‌కు ఆ దెబ్బ జన్మలో తగలదు. దాని కష్టం వేరే. పెట్టిన రోజు మొదలు ఇరవయ్యేళ్లయినా సరే, రాత్రనక పగలనక అదే బరువు మోస్తూ ఉండాలి. కాబట్టి కాళ్లకు ఏది గట్టిదని కాదు, ఏది ఏళ్ల తరబడి సాగకుండా ఉంటుందని చూసుకోవాలి.

ఈ హాబీకి ఆ సంగతి మొదట్లోనే తెలిసొచ్చింది. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో తెచ్చిన 1/72 కిట్లు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి. కాలం గడిచేకొద్దీ వాటి భాగాలు వంకర్లు తిరిగేవి. తర్వాత పాలిస్టైరీన్ వచ్చింది. 1950ల నాటి ఎయిర్‌ఫిక్స్ సంస్థ స్పిట్‌ఫైర్ కిట్ దానితో చేసిందే, ఇప్పటికీ చాలా కిట్లు దానితోనే వస్తున్నాయి. దానంతట అది వంగదు గానీ, ఎడతెగని బరువు పడితే మెల్లగా సాగుతుంది. వేడి తోడైతే ఇంకా తొందరగా. మన ఎండాకాలంలో పడమటి కిటికీ పక్కనున్న గాజు బీరువా లోపల ఎంత ఉడుకుతుందో వేరే చెప్పాలా!

అలాగని ప్రతి కిట్‌కూ లోహపు కాళ్లు కొననక్కర్లేదు. మోడల్ కొలతలు రెట్టింపయితే కాలి అడ్డుకోత వైశాల్యం నాలుగింతలవుతుంది. ప్లాస్టిక్ కిట్ లోపల డొల్ల, పైన పెంకే కాబట్టి బరువూ దాదాపు నాలుగింతలే పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. రెజిన్‌తో నిండుగా పోతపోసిన మోడల్ అయితే బరువు ఎనిమిదింతలవుతుంది. రెజిన్ కిట్ల కాళ్లు ముందు కుంగడానికి కారణం ఇదే. 1/32 కొలతలో బీ-17 బాంబర్ కడితే రెక్కలు దాదాపు 99 సెంటీమీటర్లు. అంతటి మోడల్ డొల్లదే అయినా నేను అనుమానంగానే చూస్తాను. కాళ్లు ఏటవాలుగా ఉన్నవీ అంతే. మెసర్‌ష్మిట్ 109 కాళ్లు బయటికి చాచి ఉంటాయి, బరువు వాటిని ఇంకా విడదీయాలనే చూస్తుంది.

ఇక లోహాలు. బజారులో ఎక్కువగా దొరికేవి వైట్ మెటల్ కాళ్లు. అందులో చాలావరకు తగరం, కొంచెం ఆంటిమొనీ, కొన్నిట్లో సీసం. చేతిలో పెట్టుకుంటే బరువుగా, నమ్మకంగా అనిపిస్తాయి. నాకైతే ఆ నమ్మకం లేదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అంత తక్కువ వేడికి కరిగే లోహం గది వేడిలోనే బరువు కింద కొద్దికొద్దిగా సాగుతుంది. వంగితే విరగకుండా మళ్లీ వేళ్లతో సరిచేసుకోవచ్చు, అదొక్కటే దాని మేలు. ఇత్తడి పోత కాళ్ల సంగతి వేరు. ఖరీదెక్కువ, ఆకురాయితో సాపు చేయడానికి ఓపిక కావాలి, ప్రైమర్ వేయకపోతే రంగు నిలవదు. బరువైన మోడల్‌కు మాత్రం డబ్బు పెట్టదగ్గది అదే.

అంత ఖర్చు లేని దారి మెడికల్ షాపులో ఉంది. ఇంజెక్షన్ సూది స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. ఆకుపచ్చ మొదలున్న 21 గేజ్ సూది మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాలి నడిమధ్య దాన్ని దూర్చితే కాలి బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అదే 0.5 మిల్లీమీటర్ల 25 గేజ్ సూదితో పెరిగేది నాలుగో వంతే, ఎందుకంటే బిగువు మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. సన్న తీగ దూర్చి పనైపోయిందనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. గొట్టం మధ్యలో బోలుగా ఉందన్న బెంగ అక్కర్లేదు, దానివల్ల పోయేది ఆరో వంతు కూడా ఉండదు.

సూది కొత్తదే తీసుకుని, ముందు మొన అరగదీసేయాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే గొట్టం నొక్కుకుపోతుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవాలి. కాలి తలమీద మధ్యలో సూదిమొనతో చిన్న గుంట చేసి, 0.4 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, సూది మందం దాకా పెంచుకుంటూ, చేతి డ్రిల్లుతోనే తొలవాలి. మోటారు డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ కరిగి బిట్‌ను పట్టేస్తుంది. రెండు మూడు తిప్పులకోసారి బిట్ బయటికి తీసి పొట్టు దులపాలి, ప్రతిసారీ పక్కనుంచి చూసి వాలు సరిచేసుకోవాలి. మొత్తం పొడవునా తొలవలేకపోయినా పై సగం చాలు. వంపు ఒత్తిడి ఎక్కువగా పడేది కాలు రెక్కలోకి దూరే చోటే, అందుకే సూదిని రెక్కలోకి కూడా కాస్త పోనివ్వాలి. ప్లాస్టిక్ సిమెంట్ లోహాన్ని పట్టదు. సూపర్‌గ్లూ పట్టినా, రెండు కాళ్లూ ఒకే వాలులో ఉన్నాయో లేదో చూసుకునేలోపే బిగుసుకుంటుంది. నెమ్మదిగా ఆరే ఎపాక్సీ మేలు.

ముక్కు కింద చక్రం ఉన్న పీ-38 లాంటివాటికి ఇంకో చిక్కుంది. ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడతాయి, పెడితే ఆ బరువూ కాళ్లదే. వీలైనంత ముందుకు పెడితే తక్కువ బరువుతోనే పని జరుగుతుంది. సీసపు గుళ్లయితే వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో అతికించకూడదు. దానిలోంచి వచ్చే ఆమ్లం సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తుంది, ఆ పొడి ఉబ్బి అతుకులను పగలగొడుతుంది. సీసం కలిసిన వైట్ మెటల్ కాళ్లకు కొత్త ప్లైవుడ్ బీరువా ఆవిరితోనూ అదే గండం. గుళ్లను ఎపాక్సీలో ముంచి, బాడీ రెండు సగాలూ అతికించకముందే టేపుతో బిగించి, మోడల్ ముందుకే వాలుతుందో లేదో చూసుకోవాలి.