పక్కింటి దస్తావేజులో మన ఇల్లు

పాత ఇంటి గతం వెతుకుతున్నానంటే ఎవరైనా ముందు చెప్పే మాట ‘ఈసీ తీయించు’ అని. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా అది. తెలంగాణలో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు తిరగేయించాలి. అవి రెండు రకాలు, పేర్లవారీగా ఒకటి, ఆస్తులవారీగా ఒకటి. హైదరాబాద్ శివారు పుప్పాలగూడ పాత ఊళ్లో ఒక పెంకుటింటి కోసం నేనూ అదే దారి పట్టాను. వచ్చిన జవాబు ‘నిల్’.

ఆ వీధిలోనే ముసలిదైన ఒక అవ్వను అడిగితే చిక్కు విడిపోయింది. ‘అది కొన్న ఇల్లు కాదు బిడ్డా, పంచుకున్న ఇల్లు. గా గోడకు అవతల పెద్దోనిది, ఇవతల చిన్నోనిది’ అంది. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నది రిజిస్ట్రేషన్‌కు ఎక్కదు. అమ్మకాలు కూడా చాలావరకు తెల్లకాగితం మీద సాదా బైనామాలే. ఈసీలో ఏమీ లేదంటే ఇంటికి చరిత్ర లేదని కాదు.

పొలమైతే ఇన్ని తిప్పలుండవు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తీస్తే సర్వే నంబరు, పట్టాదారు, కబ్జాదారు వరుసగా కనిపిస్తారు. ఇంకా వెనక్కి పోతే తొలి సర్వే నాటి సేత్వార్ ఉంటుంది. ఆ పాత కాగితాలు ఉర్దూలో, గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి. చదివిపెట్టే మున్షీని పట్టుకోవాలి, ఫసలీ ఏడుకు 590 కలుపుకోవాలి. 1364 ఫసలీ అంటే మన 1954-55. కానీ ఇళ్లున్న జాగా గ్రామకంఠం. పహాణీ పొలాల లెక్క చెబుతుంది తప్ప ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పదు.

అందుకే ఆ ఇంటి కాగితం వదిలేసి చుట్టుపక్కల ఇళ్ల కాగితాలు చూడటం మొదలుపెట్టాను. ప్రతి అమ్మకం దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు. తూర్పున రస్తా, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరాన ఫలానావారి ఇల్లు, ఇలా. పక్కింటివాళ్లు ఎప్పుడో రిజిస్టర్ చేసుకున్న దాంట్లో మన ఇంటి అప్పటి యజమాని హద్దుగా నిలబడి ఉంటాడు. అలాంటి పత్రాలను తేదీల వరుసలో పెడితే తండ్రి పేరున్న చోటికి కొడుకు పేరు వస్తుంది. ఒకదాంట్లో ఖాళీ జాగా అన్నది తర్వాతి దాంట్లో ఇల్లవుతుంది. ఆ రెండు తేదీల నడుమ ఎప్పుడో గోడలు లేచాయన్నమాట. స్థిరాస్తి పత్రాలు ఎక్కే ఒకటో పుస్తకం నకలు ఫీజు కట్టి ఎవరైనా అడగొచ్చు, యజమానే కానక్కర్లేదు. అయితే దస్తావేజు రాసేవారు పాత కాగితంలోని హద్దులనే దించేయడం కద్దు. చనిపోయిన మనిషి ఏళ్ల తరబడి హద్దుగా కొనసాగుతాడు. అందుకే ఒక్క పత్రాన్నే ఎన్నడూ నమ్ముకోకూడదు.

ఈ ప్రాంతంలో భూమి గతాన్ని తవ్వడానికి మనుషులకు కొదవలేదు. పక్కనే ఉన్న మణికొండలో 1,654 ఎకరాల 32 గుంటల జాగీరు భూమి ఒక దర్గా వక్ఫ్‌దా సర్కారుదా అన్న వివాదం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో సర్కారు పక్షాన తేలింది. పుప్పాలగూడ కాందిశీకుల భూములూ కోర్టుల చుట్టూ తిరిగినవే. ఎకరం కోట్లు పలికే చోట నిజాం నాటి ఉత్తర్వును వెతికి తెచ్చే వకీళ్లు ఉంటారు. పెంకుటింటికి ఆ భాగ్యం లేదు. బ్యాంకు అప్పుకు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు సరిపోతాయి. అంతకు ముందు అక్కడ ఎవరు బతికారన్నది కొనేవాళ్లకు అక్కర్లేదు, కూల్చేవాళ్లకు అసలే అక్కర్లేదు. నాకు అక్కరే. ఐటీ టవర్లు రాకముందు ఇక్కడొక ఊరుండేదనడానికి మిగిలిన సాక్ష్యం ఆ ఇళ్లే.

యజమానులు తెలిసినంత మాత్రాన ఇల్లు తెలిసినట్టూ కాదు. కోడలుగా వచ్చి జీవితమంతా అక్కడే గడిపిన ఆడమనిషి పేరు ఏ దస్తావేజులోనూ ఉండకపోవచ్చు. కిరాయికున్నవాళ్ల పేర్లు సరేసరి. వాళ్లు దొరికేది పాత ఓటరు జాబితాల్లో, ఇంటి నంబరు పక్కన. పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు ఇంకొక ఆధారం. ఏ ఏడు పన్ను ఒక్కసారిగా పెరిగిందో చూస్తే కొత్త గదో స్లాబో ఎప్పుడు పడిందో అందాజు దొరుకుతుంది.

అయితే ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయో కనుక్కోవడమే పెద్ద పని. ఊరు కదలకపోయినా దాని చిరునామా మారుతూ వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది, 1984లో పటేల్ పట్వారీలు పోయారు, 2016లో గండిపేట మండలం వచ్చింది, 2018లో పుప్పాలగూడ పంచాయతీ మణికొండ మున్సిపాలిటీలో కలిసింది. మార్పు జరిగిన ప్రతిసారీ కాగితాలు మూటలు కట్టుకుని ఇంకో గదికి పోతాయి. పంచాయతీలు మున్సిపాలిటీలైన ప్రతిచోటా పాత ఇంటిపన్ను పుస్తకాలను స్కాన్ చేయించి, అసలు ప్రతులను తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపాలి. షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు దాచిన చోటు అది. పుప్పాలగూడ పన్ను పుస్తకానికీ అక్కడ ఒక అర కేటాయించాలి.