అశ్లీలం అనే సాకు

2025 మార్చి 12 తెల్లవారుజామున పోలీసులు హైదరాబాద్‌లో జర్నలిస్టు రేవతి ఇంటికి వచ్చి ఆమెను అరెస్టు చేశారు. ఆమె నడిపే పల్స్ న్యూస్‌లో పనిచేసే తన్వీ యాదవ్‌ని కూడా అరెస్టు చేశారు. కారణం ఒక వీడియో. అందులో ఒక రైతు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని నోటికొచ్చినట్టు తిడతాడు. ఈ స్త్రీలిద్దరూ తిట్టలేదు. తిట్టిన మనిషి గొంతును నలుగురికీ వినిపించారు. వాళ్ళ మీద పెట్టిన సెక్షన్లలో భారతీయ న్యాయ సంహితలోని 111 ఉంది, అంటే వ్యవస్థీకృత నేరం. ఐటీ చట్టంలోని 67 కూడా ఉంది, అంటే అశ్లీలం. 17న బెయిలు వచ్చింది.

వ్యవస్థీకృత నేరం సంగతి లాయర్లు చూసుకుంటారు. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని, సాహిత్యమే చెప్పి బతుకుతున్నదాన్ని. నన్ను పట్టుకున్నది ఆ రెండో మాట. ఆ సెక్షన్ చెప్పే అశ్లీలం కామాన్ని రెచ్చగొట్టేది, చూసేవాళ్ళ, వినేవాళ్ళ మనసుల్ని చెడగొట్టేది. కడుపు మండిన రైతు ముఖ్యమంత్రిని తిడితే విన్నవాళ్ళలో ఎవరికి కామోద్రేకం కలుగుతుందో పోలీసులే చెప్పాలి. 2024 మార్చిలో 'కాలేజ్ రొమాన్స్' వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్‌ని పరిశీలించి, బూతు మాట వాడినంత మాత్రాన అది అశ్లీలం కాదని తేల్చింది. ఏడాది తిరక్కముందే ఇక్కడ అదే సెక్షన్ పెట్టారు. అది తెలియక జరిగిన పని అని నేననుకోను. చట్టం కోర్టులో నిలబడక్కర్లేదు, నాలుగు రోజులు జైల్లో ఉంచితే చాలు అనుకున్నప్పుడు ఇలాంటి సెక్షన్లే పనికొస్తాయి.

తెలుగు స్త్రీలకి ఈ మాటతో పాత పరిచయమే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికాసాంత్వనం'ని పరిష్కరించి వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. అందులోని శృంగారం ఆడదాని నోట రాదగింది కాదన్న వీరేశలింగంగారిని, ఆ సిగ్గు మగవాళ్ళకి మాత్రం అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రభుత్వ అనువాదకుడొకాయన అభ్యంతరకరమైన పద్యాలేవో ఏరి ఇచ్చాడు. పండితులు విజ్ఞప్తులు చేసినా వినలేదు. ఆ ఏరివేతలో వావిళ్ళ వారి మరికొన్ని శృంగార కావ్యాలూ చిక్కాయి నిజమే. కానీ ఇక్కడ రాసినామె, అచ్చు వేయించినామె ఇద్దరూ దేవదాసీ కుటుంబాల వాళ్ళు. వాళ్ళ గొంతు సాహిత్యంలో ఉండటమే చాలామందికి అశ్లీలంగా తోచింది. అది 1910 ప్రెస్ చట్టంతో పత్రికల నోళ్ళు కట్టేస్తున్న కాలం కూడా అని మనం మరిచిపోతుంటాం. నీతి కాపాడే ప్రభుత్వమూ, రాజకీయపు రాతల్ని పట్టుకుపోయే ప్రభుత్వమూ ఒకటే. నిషేధం తొలగించడానికి ప్రకాశంగారు మద్రాసు ప్రధానిగా రావాల్సి వచ్చింది. అంటే ముప్పై అయిదేళ్ళు. 1991లో సుశీ తారు, కె. లలిత తమ సంకలనం ముందుమాటలో ఈ కథ రాసేదాకా మనలో ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాత రెండేళ్ళకి 'నీలిమేఘాలు' వచ్చింది. స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని ఎద్దేవా చేసిన పెద్దలు ఎవరో ఈ పత్రిక పాఠకులకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ప్రసవం గురించి రాస్తే బూతు అన్నారు. వాళ్ళ చేతుల్లో అప్పుడు 67వ సెక్షన్ లేదు, అదొక్కటే మన అదృష్టం.

తిట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి. నేను హత్నూరలో ఉంటాను. ఇక్కడ నల్లా దగ్గరా, కూలి లెక్క తేల్చే మేస్త్రీ ముందరా ఆడవాళ్ళు తిట్టే తిట్లు వింటే ఏ పోలీసైనా రోజుకో కేసు రాయొచ్చు. నీ నోట్ల మన్ను వడ, నీ పాడె గట్ట, నీ చేతులు ఇరుగ. ఇవి శాపనార్థాలు. దరఖాస్తు పెడితే పలకని వాళ్ళని, జీతం కోసినా అడగడానికి వీల్లేని వాళ్ళని ఏమీ చేయలేక చేసే పని ఇది. ఇందులో లయ ఉంది, ఉపమ ఉంది, ఎవరి మీద ఎంత కోపమో కొలిచి చెప్పే పద్ధతి ఉంది. జానపద సాహిత్యం చెప్పేటప్పుడు ఏలపాటలూ దంపుళ్ళ పాటలూ చెబుతాం కానీ, వీటి దగ్గరికి రాం.

అయితే మగవాళ్ళ బూతుల సంగతి వేరు. తిట్టేది ఒకణ్ణి, తిట్టు పడేది వాడి తల్లి మీద, చెల్లి మీద. అధికారంలో ఉన్నవాణ్ణి తిట్టే పేద రైతు కూడా ఆ బూతునే అందుకుంటాడు. ఆ భాష మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. దాన్ని విమర్శించడం నా పని, మీ పని, క్లాసులో మా పిల్లలతో వాదించి చెప్పాల్సిన పని. తెల్లారకుండా తలుపు తట్టడానికి అది కారణం కాదు.

ఇప్పుడు అసలు సాకు దగ్గరికి వద్దాం. ఆ మార్చి 15న ముఖ్యమంత్రి శాసనసభలో మాట్లాడుతూ తన ఇంటి ఆడవాళ్ళ మీద రాసే రాతలు చూస్తుంటే రక్తం మరుగుతోందన్నారు. జర్నలిస్టు ముసుగు వేసుకుని అలా రాసేవాళ్ళను బట్టలూడదీసి రోడ్డు మీద తిప్పి కొట్టిస్తామన్న అర్థం వచ్చేలా హెచ్చరించారు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. కానీ ఆ రోజుకి ఇద్దరు స్త్రీ జర్నలిస్టులు జైల్లోనే ఉన్నారు. ఆడవాళ్ళ గౌరవం కాపాడటానికి ఆయనకు దొరికిన భాష బట్టలూడదీయడం. ఇంటి ఆడవాళ్ళ పట్ల ఆయన బాధ నిజమైనదే కావచ్చు. రాజకీయ నాయకుల ఇళ్ళలోని స్త్రీల మీద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాస్తున్న రాతలు నీచమైనవి. కానీ ఆ వీడియోలో ఉన్నది ప్రభుత్వం మీద కోపం. దాన్ని ఆడవాళ్ళ మీద రాతలతో కలిపి చూపించడంలోనే రాజకీయం ఉంది. ఇంటి స్త్రీల గౌరవం అనగానే ఎవరూ ఎదురు మాట్లాడలేరు. ముఖ్యంగా మనం మాట్లాడలేం.

అందుకే నేను ఎంత త్వరగా కదిలారని లెక్క చూస్తాను. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరుతో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలం వేశారు. ఢిల్లీలో ఎఫ్ఐఆర్ అయితే రాశారు. అరెస్టు జరిగింది 2022 జనవరిలో, అదీ 'బుల్లీ బాయి' పేరుతో రెండోసారి వేలం వేశాక దేశమంతా గొడవైతే. ఆ రెండో జాబితాలో హైదరాబాద్ స్త్రీలూ ఉన్నారు. మణిపూర్‌లో 2023 మే 4న ఇద్దరు కుకీ స్త్రీలను నగ్నంగా ఊరేగించారు. మే 18న పోలీసులకు ఫిర్యాదు అందింది. అప్పటికే రాష్ట్రంలో ఇంటర్నెట్ ఆపేశారు. జూలై 19న వీడియో బయటికి వచ్చింది, మర్నాడు మొదటి అరెస్టు జరిగింది. ఆ మర్నాడే కేంద్రం ఆ వీడియోను తీసేయమని కంపెనీలకు చెప్పింది. ఆ స్త్రీల శరీరాలు ఫోన్ల నిండా తిరగకూడదని నేనూ అంటాను. కానీ ఆ వీడియో రాకపోతే ఆ అరెస్టు ఎప్పుడు జరిగేది? రెండు నెలల పైగా ఆ స్త్రీల గౌరవం ఎవరికీ గుర్తు రాలేదు, ప్రధానమంత్రి మౌనం మీద ప్రశ్నలు మొదలయ్యాకే గుర్తొచ్చింది.

ఇదంతా హత్నూరలో కూర్చుని రాయడానికి నాకు ఇంకో కారణం ఉంది. గుండ్లమాచనూరు, బోర్పట్ల నుంచి పటాన్‌చెరు దాకా మాది మందుల కంపెనీల, రసాయనాల ప్రాంతం. నక్కవాగు మంజీరలోకి మోసుకుపోయిన విషం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు సాక్ష్యం కోసం డాక్టర్లూ, కమిటీలూ, నీళ్ళ సీసాలూ కావలసి వచ్చాయి. ఇప్పుడు పొద్దున షిఫ్టుకు పోయే ఆడమనిషి చేతిలో ఫోనుంది. నాకు తెలిసిన ఒకామె ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. వానాకాలంలో కుంటలోకి వస్తున్న ఎర్రటి నురగను తీసి నలుగురికీ పంపింది. మూడు రోజుల తర్వాత అడిగితే, "తీసేసిన అక్కా, కేసయితదంట. నా మొగనికి గూడ ఆడనే పని" అంది. కేసు అవుతుందని ఎవరన్నారు అంటే నవ్వి ఊరుకుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో పేరున్న జర్నలిస్టుల్ని తెల్లారేసరికి తీసుకుపోయారని టీవీలో చూస్తే చాలు.

ఆమె భయం ఉత్తదీ కాదు. విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఘటనలో ప్రభుత్వాన్ని ప్రశ్నించే ఒక పోస్టును పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒక స్త్రీకి సీఐడీ నోటీసు ఇచ్చింది. మా పక్కనే పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి పేలుడులో యాభై మందికి పైగా పోయారు. లోపల ఎవరున్నారో, ఎవరు బతికారో తెలియక బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుటుంబాలు గేటు దగ్గరా ఆసుపత్రుల దగ్గరా ఏడ్చిన ఏడుపు లోకానికి ఫోన్ల ద్వారానే తెలిసింది. ఏడ్చే తల్లి కంపెనీనీ ప్రభుత్వాన్నీ శపించకుండా ఉండదు. ఆ శాపం ఏ సెక్షన్ కిందికి వస్తుంది?

పార్టీ ఏదైనా ఈ లక్షణం మారదు. గుంటూరు స్త్రీకి నోటీసు వచ్చినప్పుడు ఉన్నది వైకాపా ప్రభుత్వం. ఆమె పక్షాన గట్టిగా మాట్లాడింది తెలుగుదేశం. 2024లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చాక వైకాపా సోషల్ మీడియా వాళ్ళ మీద జిల్లా జిల్లాలో కేసులు పడ్డాయి. అప్పుడు భావప్రకటనా స్వేచ్ఛ వైకాపా వాళ్ళకు గుర్తొచ్చింది. తెలంగాణలో తెరాస కాలంలో ఇదే స్వేచ్ఛ కోసం కొట్లాడిన కాంగ్రెస్, కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేత మీద 2025 ఏప్రిల్‌లో ఏఐ బొమ్మ పంచుకున్నందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు నోటీసు పంపే దాకా వచ్చింది. ఆ బొమ్మను రెండు వేల మంది పంచుకున్నారు, వాళ్ళందరి మీదా చర్య ఉంటుందా అని ఆమె అడిగారు. 2024లో సివిల్ సర్వీసుల్లో వికలాంగుల కోటా మీద ఆమె రాసింది నాకు ఏ మాత్రం నచ్చలేదు. కానీ ఈ ప్రశ్న సరైనది. రెండు వేల మందిలో ఒకరిని ఎంచుకోవడమే సెన్సారు చేసే పని. అన్నట్టు, ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సారు పెట్టిన ఇందిరా గాంధీని 1980లో గెలిపించింది మా మెదకే. మాకిది కొత్తగా తగిలిన దెబ్బ అనడానికి నాకు నోరు రాదు.

కేంద్రం చేసే పని ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. బాల్ ఠాక్రే చనిపోయినప్పటి బంద్ మీద 2012లో పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేస్తే, శ్రేయా సింఘాల్ అనే లా చదివే అమ్మాయి కోర్టుకు వెళ్ళి 2015 మార్చి 24న 66ఎ సెక్షన్‌ని కొట్టేయించింది. ముగ్గురూ ఆడపిల్లలే. కానీ అదే తీర్పు 69ఎని నిలబెట్టింది. దాని కింద ఇచ్చే నిరోధ ఉత్తర్వులు 2009 నిబంధనల ప్రకారం రహస్యం. 1911లో నాగరత్నమ్మకు తన పుస్తకం ఎందుకు తీసుకుపోయారో కనీసం తెలుసు. ఇప్పుడు రాసినామెకు తన మాట ఎవరు తీయించారో, ఎందుకో తెలియకపోవచ్చు. 'సహయోగ్' పోర్టల్ వచ్చాక పోలీసు అధికారులు కూడా కంపెనీలకు నేరుగా నోటీసు పంపగలుగుతున్నారు. దీన్ని ప్రశ్నిస్తూ ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ని కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబర్ 24న కొట్టేసింది. ఆ కంపెనీ మీద నాకు జాలి లేదు. స్త్రీలు పెట్టే ఫిర్యాదుల్ని అది ఎంత చెత్తగా చూస్తుందో మనకి తెలుసు. కానీ ఆ కేసులో ఓడింది కంపెనీ ఒక్కటే కాదు.

అదే నెల 10న తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ముఖ్యమంత్రిని విమర్శించిన పోస్టుల మీద పెట్టిన కేసుల్ని జస్టిస్ తుకారాంజీ కొట్టేసి పోలీసులకు కొన్ని నియమాలు పెట్టారు. రాజకీయ విమర్శ ఎంత కటువుగా ఉన్నా యాంత్రికంగా ఎఫ్ఐఆర్ రాయకూడదు. ఫిర్యాదు చేసినవాళ్ళు నిజంగా బాధితులేనా చూడాలి. పరువునష్టం అయితే మెజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. నేను ఆ నియమాల్ని తెలుగులో రాస్తున్నాను, మా మండలంలో మహిళా సంఘాల వాళ్ళకి ఇద్దామని. సగం అయింది. 'కాగ్నిజబుల్' అన్న మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. విచారణార్హం అని రాస్తే ప్యాకింగ్ పని చేసే ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. పోలీసు తనంతట తానే పట్టుకోగల నేరం అని రాసి, ఆమె చేత చదివించి చూడాలి.