పుట్టగొడుగు ఎప్పుడు పెరిగింది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ స్టేషనరీ షాపుకెళ్ళి అడిగినా అక్షరాల చార్టు దొరుకుతుంది. ‘ఇ’ పక్కన ఇల్లు. ఎర్ర పెంకుల కప్పు, ఒక తలుపు, ఒక కిటికీ, ముందు రెండు పూలమొక్కలు. ఆ చార్టు కొనుక్కెళ్ళి కొత్తపేటలోనో చైతన్యపురిలోనో నాలుగో అంతస్తు ఫ్లాటు గోడకి తగిలిస్తాం. అలాంటి ఇంట్లో ఎన్నడూ ఉండని పిల్ల దాన్ని చూసి టక్కున ‘ఇల్లు’ అంటుంది. మనం సంతోషపడతాం. అదే పిల్ల ‘ఔ’ దగ్గర ‘సీసా’ అంటే మాత్రం ‘కాదమ్మా, ఔషధం’ అని దిద్దుతాం. నిజానికి చార్టు మొత్తంలో ఆ పిల్ల బొమ్మని చదివింది అక్కడొక్క చోటే. అక్కడున్నది సీసాయే మరి!

ఈ చార్టుల్లో బొమ్మ అక్షరానికి కూలీ. పిల్ల అక్షరం పట్టేసుకోగానే దాని పని అయిపోతుంది. పిల్లల సచిత్ర పాఠ్యపుస్తకాల చరిత్ర చెప్పేవాళ్ళు 1658లో కొమేనియస్ వేసిన ‘ఆర్బిస్ పిక్టస్’ దగ్గర మొదలుపెడతారు. అందులోనూ ఉద్దేశం మాటలు నేర్పడమే, లాటిన్ మాటలు. కానీ ఆయన వస్తువుల్ని ఒక దృశ్యంలో ఉంచి, వాటికి అంకెలు వేసి, పక్కన పేర్లు రాశాడు. పనిముట్టు పనివాడి చేతి దగ్గరే ఉండేది. మన చార్టు వచ్చేసరికి ఆ దృశ్యం కూడా పోయింది. ఏనుగు కింద నేల లేదు, ఓడ కింద నీళ్ళు లేవు.

బొమ్మ అర్థం కావడానికి నేర్చుకునేదేముంది, కళ్ళుంటే చాలు కదా అనుకుంటాం. చాలదు. 1998లో జూడీ డిలోష్, ఆమె సహచరులు తొమ్మిది నెలల పిల్లల ముందు బొమ్మల పుస్తకాలు పెట్టి చూశారు. అమెరికా పిల్లలైనా, పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు పిల్లలైనా బొమ్మలోని వస్తువుని చేత్తో తడిమారు, పట్టుకోబోయారు. పంతొమ్మిది నెలలొచ్చేసరికి పట్టుకోవడం మానేసి వేలు పెట్టి చూపించడం ఎక్కువైంది. అంటే కాగితం మీది సీసా తాగే సీసా కాదన్నది కూడా పిల్లలు నేర్చుకున్న సంగతే. అక్కడిదాకా వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అక్కణ్ణుంచి మనం చెయ్యి పట్టుకోవాలి. సరిగ్గా అక్కడే వదిలేసి ‘ఇదేంటి? అదేంటి?’ అని పరీక్ష మొదలుపెడతాం.

తెలుగులో ‘బొమ్మ’ అన్న మాట చిత్రమైనది. ఆడుకునేదీ బొమ్మే, గీసేదీ బొమ్మే, థియేటర్లో పడేదీ బొమ్మే, నాణేనికి ఒక వైపూ బొమ్మే. అన్నిటికీ ఒకే మాట ఉండబట్టేనేమో, పుస్తకంలో బొమ్మని కూడా ఆటవస్తువు లెక్కన పిల్లలకి ఇచ్చేసి మనం తప్పుకుంటాం. ‘బొమ్మలు చూసుకో’ అంటాం, ‘చదువుకో’ అనం. రెండో క్లాసులోకి రాగానే ‘ఇంకా బొమ్మల పుస్తకమేంటి?’ అని కూడా అంటాం.

బడి పుస్తకాలు చేసినవాళ్ళు ఈ విషయం ఆలోచించలేదనలేం. మన ప్రాథమిక తరగతుల తెలుగు వాచకాల్లో పాఠానికి ముందు తరచుగా ఒక పెద్ద బొమ్మ ఉంటుంది. సంతో, పొలమో, బడి ఆవరణో. ఎవరెవరున్నారు, ఏం చేస్తున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు అని కింద ప్రశ్నలు. మంచి ఆలోచన. కానీ గైడు తెరిచి చూడండి. ఆ ప్రశ్నలకీ జవాబులు అచ్చేసి ఉంటాయి! బొమ్మలో మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో గైడులో చూసి నోట్సులో ఎక్కించుకునే పిల్లవాడికి ఇక ఆ బొమ్మతో పనేముంటుంది? గల్లీకో కోచింగ్ సెంటరున్న మా ప్రాంతంలో జవాబు ముందు, చూపు తర్వాత అన్నది ఒకటో క్లాసు నుంచే అలవాటవుతోంది.

బొమ్మ నిజంగా ఏం చేయగలదో చూడాలంటే వ్లదీమిర్ సుతేయెవ్ పుట్టగొడుగు కథ దగ్గరికి వెళ్ళాలి. సోవియట్ పిల్లల పుస్తకాలతో పెరిగినవాళ్ళకి ఆయన గీత గుర్తుండే ఉంటుంది. యానిమేషన్‌లో పనిచేసినవాడు, కథ రాసి బొమ్మలూ తానే వేసేవాడు. వాన పడుతుంటే చీమ ఒక చిన్న పుట్టగొడుగు కిందికి చేరుతుంది. తర్వాత సీతాకోకచిలుక, ఎలుక, పిచ్చుక, చివరికి కుందేలు. అందరూ సర్దుకుంటారు. వాన వెలిశాక చీమకి సందేహం: మొదట నాకొక్కదానికే చోటు చాలలేదే, ఇంతమందికి ఎలా సరిపోయింది? కప్ప నవ్వుతుంది. అందరూ పుట్టగొడుగు వంక చూస్తారు, అర్థమవుతుంది. జవాబు మాత్రం కథలో ఎక్కడా ఉండదు, బొమ్మల్లో ఉంటుంది. పేజీ పేజీకీ పుట్టగొడుగు పెరుగుతూనే ఉంది. మాటల వెంట పరిగెత్తేవాళ్ళకి అది కనపడదు.

ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఒక ఆదివారం ఈ కథ చదివాను. నలుగురూ అయిదారేళ్ళ వాళ్ళు. కుందేలు దగ్గరికి వచ్చేసరికి ఇంకా చదవడం రాని పిల్ల ఒకతి ‘అంకుల్, గొడుగు పెద్దగైంది’ అంది. చదవడం వచ్చిన పెద్దపిల్లాడు ‘అట్ల రాయలేదు కదా’ అన్నాడు. పేజీలు వెనక్కి తిప్పించి, వేలితో కొలిచి మరీ చూపించింది. వాడు ఒప్పుకోలేదు. ‘మొదట దూరం నుంచి గీసిండు, ఇప్పుడు దగ్గర నుంచి గీసిండు’ అన్నాడు. దగ్గరా దూరమా అన్నది ఎలా తేలుతుంది? పక్కన గడ్డి ఎంతుందో చూడాలి. చీమ ఎంతుందో చూడాలి. ఇద్దరూ అదే చేశారు. చిత్రకళలో దీన్ని పరిమాణం, దృక్కోణం అని పెద్ద పేర్లతో పిలుస్తారు గానీ, వాళ్ళకి ఆ పేర్లతో పని పడలేదు.

పాట్ హచిన్స్ ‘రోజీస్ వాక్’ (1968) ఇంకో అడుగు ముందుకెళ్ళింది. ఒక కోడి షికారుకెళ్ళి భోజనం వేళకి తిరిగొచ్చిందని చెప్పే ఒకే ఒక్క వాక్యం పుస్తకమంతా సాగుతుంది. వెనకే పొంచి వస్తున్న నక్క గురించి అందులో ఒక్క మాట లేదు. నక్క బొమ్మల్లోనే ఉంటుంది, దెబ్బలన్నీ బొమ్మల్లోనే తింటుంది. చదివి వినిపించే పెద్దవాళ్ళకి కోడి కథ, వినే పిల్లలకి నక్క కథ. నిజానికి పెద్దవాళ్ళు చదువుతుంటే చిన్నపిల్లల కళ్ళు అక్షరాల మీద దాదాపు ఉండనే ఉండవని, బొమ్మల మీదే ఉంటాయని 2005లో మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సెయింట్-ఆబిన్ కంటి కదలికలు కొలిచి చూపించారు. వాళ్ళ చూపుని అక్షరాల మీదికి ఎలా లాగాలా అని మనం తంటాలు పడతాం. ముందు వాళ్ళు చూస్తున్నచోట ఏముందో మనం చూడొద్దా?

మరి మన చందమామ? 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక తెలుగు పిల్లల కళ్ళకి చేసిన మేలు చిన్నది కాదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్ర, శంకర్ బొమ్మలు తరతరాలకి రాజు ఎలా ఉంటాడో, శ్మశానం ఎలా ఉంటుందో నేర్పాయి. భుజాన శవం, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ వేసిన తీరులో తప్ప ఇంకోలా ఊహించుకోగలమా? అయితే ఒక మాట చెప్పుకోవాలి. చందమామ బొమ్మ ఎక్కువగా కథ చెప్పినదాన్నే చూపించేది. కథతో విభేదించేది కాదు, కథకి తెలియని సంగతి దాచుకునేది కాదు. స్తంభాల చెక్కడంలో, చీర కుచ్చిళ్ళలో, చెట్టు ఊడల్లో కంటికి బోలెడంత పని ఇచ్చింది గానీ అనుమానానికి పని ఇవ్వలేదు. మెచ్చుకోవడం నేర్పింది, ప్రశ్నించడం అంతగా నేర్పలేదు. ఆ మెచ్చుకోవడమైనా ఇప్పటి పిల్లలకి అందట్లేదు. ఫోన్లో వచ్చే రైమ్స్ వీడియోల్లో జంతువులన్నిటికీ అవే గుండ్రటి కళ్ళు, అదే ప్లాస్టిక్ మెరుపు. రెండోసారి చూడటానికి ఏమీ మిగలదు.

పిల్లలతో కూర్చునేవాళ్ళకి పెద్ద శిక్షణ అక్కర్లేదు. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ మ్యూజియంల కోసం తయారుచేసిన మూడు ప్రశ్నలు ఇంట్లోనూ పనికొస్తాయి. ఇందులో ఏం జరుగుతోంది? అలా అని ఎందుకు అనిపించింది? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? రెండోది అసలైనది. ‘అమ్మకి కోపమొచ్చింది’ అని పిల్లవాడు అంటే, కనుబొమలు చూసి అన్నాడా, నడుము మీద చెయ్యి చూసి అన్నాడా, ఎర్ర రంగు చూసి అన్నాడా? అది వాడి నోట రావాలి. గైడుల్లో అచ్చువేయలేని జవాబు అదొక్కటే.

పుస్తకాలు లేవన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళు సోవియట్ బొమ్మల పుస్తకాల్ని తెలుగులో మళ్ళీ తెస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రతి పుస్తకంలోనూ బొమ్మలు వేసినవారి పేరు కథకుల పేరు పక్కనే ఉంటుంది. మిగతా తెలుగు బాలల పుస్తకాలు చాలావాటిలో ఆ పేరు కోసం ముద్రణ వివరాల పేజీలో చిన్నక్షరాల మధ్య వెతుక్కోవాలి, కొన్నిట్లో అదీ ఉండదు. సమీక్షలు రాసే మనమూ అంతే. కథ గురించి నాలుగు పేరాలు రాసి, చివర్లో ‘బొమ్మలు బావున్నాయి’ అని సరిపెట్టేస్తాం. ఏ బొమ్మ, ఎందుకు బావుందో చెప్పం. చందమామలో బొమ్మ మూలన ‘వపా’ అని, ‘చిత్ర’ అని, ‘శంకర్’ అని సంతకం ఉండేది. అప్పటి పిల్లలు కథకుల పేర్లు ఎరక్కపోయినా ఆ మూడు పేర్లనీ గీతని బట్టి గుర్తుపట్టేవాళ్ళు.