777 కొట్టే ముందు

ఉబుంటులో వెబ్ సర్వర్ ఎక్కించడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. ఒక్క ఆప్ట్ కమాండ్‌తో ఇంజిన్‌ఎక్స్ వచ్చేస్తుంది, బ్రౌజర్‌లో స్వాగతం పేజీ కూడా కనిపిస్తుంది. మన ఫైళ్లు పెట్టి, కాన్ఫిగ్ రాసి, సైటు తెరిచాకే అసలు పరీక్ష. చాలామందికి అక్కడ మొదట ఎదురయ్యేది '403 ఫర్‌బిడెన్'.

వెంటనే పక్కనున్నవాళ్లు చెప్పే సలహా ఒకటుంది: "ఫోల్డర్ మొత్తానికి 777 ఇచ్చెయ్, అయిపోతుంది." ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. 777 అంటే ఆ మెషిన్‌లోని ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ ఫైళ్లు చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు. సైట్‌లో చిన్న లొసుగు దొరికినవాడికి ఇల్లంతా రాసిచ్చినట్టే.

వేల కనెక్షన్లను ఒకేసారి మోయడానికి ఇగోర్ సిసోయెవ్ రాసి, 2004లో విడుదల చేసిన సర్వర్ ఇంజిన్‌ఎక్స్. అంత బరువు మోసేది కూడా అధికారం అవసరమైనంతే తీసుకుంటుంది. 80, 443 పోర్టుల కోసం మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా మొదలవుతుంది. రిక్వెస్టులు అందుకునే వర్కర్లు మాత్రం డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అనే మామూలు యూజర్ కింద నడుస్తాయి.

403 ఎందుకొచ్చిందో ఎర్రర్ లాగ్‌లోనే ఉంటుంది. 'పర్మిషన్ డినైడ్' అని ఉంటే, ఆ పక్కనే ఫైలు పాత్ కూడా ఉంటుంది. 'నేమ్‌ఐ -ఎల్' కమాండ్‌కు ఆ పాత్ ఇస్తే, దారిలోని ప్రతి ఫోల్డర్ పర్మిషనూ వరసగా చూపిస్తుంది. ఫైలు 644, ఫోల్డర్ 755 సరిగ్గానే ఉండి, పైనున్న హోమ్ ఫోల్డర్ 750 కావడం తరచూ కనిపించే కారణం. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకు అదే డిఫాల్ట్. సైటును వార్ లోపలి డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు ఫోల్డర్‌కు మారిస్తే సరిపోతుంది. రాసే హక్కు అప్‌లోడ్ ఫోల్డర్ ఒక్కదానికి చాలు. ఇండెక్స్ ఫైలే లేకపోయినా 403 వస్తుంది. రెడ్ హ్యాట్‌లో ఎస్‌ఈలైనక్స్ అడ్డుపడినా వస్తుంది. ఈ రెండింటికీ 777 మందే కాదు.

కాన్ఫిగ్ మార్చాక 'ఇంజిన్‌ఎక్స్ -టి' కొట్టి, తప్పుల్లేవని తేలాకే రీలోడ్ చేయాలి.

లైనక్స్ నేర్పేవారికి నాదొక విన్నపం. అమీర్‌పేటలో నేర్పినా, కాలేజీ ల్యాబ్‌లో నేర్పినా, పిల్లలకు ముందు లాగ్ చదవడం నేర్పండి. 777తో దారి చూపకండి.