నియమం, ఆధారం, వేషం: ఆర్థికశాస్త్ర పత్రికల వ్రాతప్రతి రూపంపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఆర్థికశాస్త్ర పరిశోధన పత్రికలు వ్రాతప్రతికి విధించే రూపనియమాలను ఒక రచనాప్రక్రియ లక్షణాలుగా చదివే ప్రయత్నం ఇది. సంగ్రహం, వర్గీకరణ సంకేతాలు, పూర్వసాహిత్య సమీక్ష, పట్టికలు, దత్తాంశ సమర్పణ అనే అంశాలను ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ ఆచారాల ఆధారంగా పరిశీలించి, పాఠకుణ్ణి ఆధారం దగ్గరికి చేర్చే నియమాన్నీ, ఆధారం ఉన్నదన్న భ్రమ కలిగించే నియమాన్నీ వేరుచేయాలని ప్రతిపాదిస్తుంది. ఆ వివేచన తెలుగు పరిశోధన వ్యాసానికి ఎలా వర్తిస్తుందో చివర సూచిస్తుంది.

కీలక పదాలు: వ్రాతప్రతి, అనుబంధ చతుష్టయం, పూర్వపక్షం, దత్తాంశం, పునఃపరీక్ష, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఆర్థికశాస్త్ర పత్రికల వ్రాతప్రతి నియమాలతో పనేమిటన్న సందేహం సహజం. 1983లో ‘జర్నల్ ఆఫ్ ఎకనమిక్ లిటరేచర్’లో ప్రచురించిన వ్యాసంలోనూ, 1985లో వెలువడిన గ్రంథంలోనూ మెక్‌లోస్కీ ఈ సందేహానికి పరోక్షంగా సమాధానమిచ్చారు. ఆర్థికవేత్తలు కూడా రూపకాలతో, సాదృశ్యాలతో, ఆప్తవాక్యంతో పాఠకులను ఒప్పిస్తారనీ, తాము పాటిస్తున్నామని చెప్పుకొనే శాస్త్రీయ పద్ధతి వారి రచనా వ్యవహారాన్ని పూర్తిగా వివరించదనీ ఆ రచనల వాదం. ఒప్పించే రచన ఎక్కడ ఉంటే అక్కడ విమర్శకు చోటు ఉంటుంది. మెక్‌లోస్కీ దృష్టి ప్రధానంగా వాదనపై నిలిచింది. ఈ వ్యాసం ఆ వాదనకు తొడిగిన చట్రాన్ని, అంటే వ్రాతప్రతి రూపాన్ని పరిశీలిస్తుంది.

రూపనియమాలను పరిశోధకులు తరచు చివరి రాత్రి పనిగా భావిస్తారు. మార్జిన్లు సరిచేయడం, అక్షర పరిమాణం మార్చడం, పట్టికలకు సంఖ్యలు వేయడం వంటివి ఆలోచన ముగిశాక మిగిలే చాకిరీ అని మన అభిప్రాయం. ఈ అభిప్రాయం సగమే నిజం. కొన్ని నియమాలు చాకిరీయే, కొన్ని మాత్రం ఆలోచనలో భాగాలు. ఈ రెండింటినీ విడదీయకపోవడం వల్ల రెండు శాస్త్రాల్లోనూ నష్టం జరుగుతున్నది.

2. ముఖద్వారం: సంగ్రహమూ సంకేతాలూ

‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ 1911 నుంచి వెలువడుతున్నది. ఆ పత్రికకు వ్యాసం పంపేవారు 100 పదాలు మించకుండా సంగ్రహం రాయాలి. విషయాన్ని సూచించే వర్గీకరణ సంకేతాలను జోడించాలి. ‘జర్నల్ ఆఫ్ ఎకనమిక్ లిటరేచర్’ రూపొందించిన ఈ పద్ధతిలో ఒక్కొక్క ఆంగ్లాక్షరం ఒక్కొక్క శాఖకు గుర్తు. స్థూల ఆర్థికశాస్త్రానికి ‘ఇ’, శ్రామిక ఆర్థికశాస్త్రానికి ‘జె’, ఆర్థికాభివృద్ధికి ‘ఓ’. అక్షరం పక్కన వచ్చే అంకెలు ఉపశాఖలను తెలుపుతాయి.

మన శాస్త్రగ్రంథ సంప్రదాయంలోని అనుబంధ చతుష్టయం ఇక్కడ గుర్తుకు వస్తుంది. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందే తెలిపితే తప్ప చదువరి గ్రంథంలో ప్రవర్తించడని శాస్త్రకారులు భావించారు. సంగ్రహం విషయ ప్రయోజనాలను చెబుతుంది. వర్గీకరణ సంకేతం అధికారిని, అంటే ఈ వ్యాసం ఎవరు చదవదగినదో ఆ పాఠకుణ్ణి నిర్దేశిస్తుంది. ‘సంబంధం’ విషయంలో మాత్రం పోలికను సాగదీయకూడదు. శాస్త్రసంప్రదాయంలో అది గ్రంథానికీ ప్రతిపాద్య విషయానికీ మధ్య ఉన్న సంబంధం. ఆర్థికశాస్త్ర వ్యాసపు ప్రవేశికలో అది ప్రధానంగా కొత్త వ్యాసానికీ పాత వ్యాసాలకూ మధ్య ఉన్న సంబంధంగా మారింది. మొదటిది వస్తువుపట్ల బాధ్యత, రెండవది వృత్తిసమాజంపట్ల బాధ్యత. రెండూ అవసరమే అయినా ఒకటి రెండవదానికి బదులు కాలేదు.

పూర్వసాహిత్య సమీక్షలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టి తర్వాత సిద్ధాంతం చెప్పడం మన వాద సంప్రదాయం. సమీక్ష పేరుతో ఒకే వాక్యంలో పది పేర్లను, పది సంవత్సరాలను కుండలీకరణంలో గుచ్చే రచనలో పూర్వపక్షం లేదు, హాజరుపట్టీ మాత్రమే ఉంది. ఈ దోషం ఆర్థికశాస్త్రానికే పరిమితం కాదు. మన సిద్ధాంత గ్రంథాల్లోని ‘పూర్వపరిశోధనలు’ అధ్యాయాన్ని తెరిచినవారెవరూ ఆర్థికవేత్తలను చూసి నవ్వలేరు.

3. పట్టికలోని నక్షత్రాలు

గణాంక ఫలితాల పక్కన నక్షత్ర చిహ్నాలు పెట్టడం ఆర్థికశాస్త్రంలో చిరకాల ఆచారం. అసలు ప్రభావమే లేదనుకుంటే అలాంటి ఫలితం కనిపించే అవకాశం ఎంత తక్కువని లెక్కతేలితే అన్ని ఎక్కువ నక్షత్రాలు. చదువరి కన్ను అంకెను దాటి నక్షత్రం మీదికి పోతుంది. అంకె ఎంత పెద్దది, దాని వాస్తవ ప్రాముఖ్యం ఏమిటి అన్న ప్రశ్నలు మరుగున పడతాయి. ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ నియమావళి ఈ నక్షత్రాలను వాడవద్దనీ, అంచనాల కింద ప్రామాణిక దోషాలను కుండలీకరణంలో ఇవ్వమనీ కోరుతున్నది. చూడటానికి ఇది అచ్చుకు సంబంధించిన చిన్న సవరణ. నిజానికి అది తీర్పును నక్షత్రం నుంచి తీసి పాఠకుడి చేతిలో పెట్టే సవరణ. రూపనియమం ఆలోచనలో భాగమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

4. దత్తాంశమే మాతృక

2010లో అదే పత్రిక సమావేశ పత్రాల సంచికలో రైన్‌హార్ట్, రోగాఫ్‌ల వ్యాసం వెలువడింది. 20 సంపన్న దేశాల సమాచారాన్ని పరిశీలించి, ప్రభుత్వ రుణం స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన చోట 1946–2009 మధ్య సగటు వృద్ధి –0.1 శాతమని అది చూపింది. పొదుపు విధానాలను సమర్థించే రాజకీయ చర్చల్లో ఆ వ్యాసాన్ని విరివిగా ఉదాహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో పరిశోధక విద్యార్థి అయిన హెర్న్‌డన్ తరగతి అభ్యాసంగా ఆ లెక్కలను తిరిగి చేయబోతే ఫలితం కుదరలేదు. రచయితలు పంపిన ఎక్సెల్ పత్రం తెరిచి చూస్తే, సగటు సూత్రంలో 5 దేశాల వరుసలు జారిపోయాయి. 2013లో హెర్న్‌డన్, ఆష్, పోలిన్ ప్రకటించిన లెక్కలో ఆ సగటు 2.2 శాతం.

ఈ ఉదంతాన్ని ‘ఎక్సెల్ పొరపాటు’గా చెప్పుకోవడం పరిపాటి. కాని రెండు అంకెల మధ్య తేడాకు వరుసలు జారిపోవడం చిన్న కారణమే. కొన్ని సంవత్సరాలను వదలడం, దేశాల సగటుల్ని సమానంగా తూచడం పెద్ద కారణాలు. అధిక రుణస్థాయిలో న్యూజిలాండ్‌కు లెక్కలోకి వచ్చిన ఒక్క సంవత్సరానికీ, బ్రిటన్‌కు చెందిన 19 సంవత్సరాలకూ ఒకే విలువ దక్కింది. మూల రచయితలు ఎక్సెల్ దోషాన్ని అంగీకరించారు, తూకం విషయంలో తమ ఎంపికను సమర్థించుకున్నారు. పొరపాటును దిద్దవచ్చు, ఎంపికను చర్చించవచ్చు. ఆ పత్రం మరొకరి చేతికి రాకపోతే రెండూ సాధ్యం కావు.

2019 నుంచి అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ తన పత్రికల్లో ప్రచురణకు ముందే దత్తాంశాన్ని, గణనక్రమాన్ని సమర్పింపజేసి సరిచూస్తున్నది. గోప్యత వల్ల బయటపెట్టలేని సమాచారమైతే, దాన్ని ఇతరులు ఏ మార్గంలో పొందవచ్చో రచయిత చెప్పాలి. పాఠపరిష్కర్తలకు ఈ నీతి కొత్త కాదు. ఏ తాళపత్రప్రతిలో ఏ పాఠముందో అడుగున చూపి, తాను ఎంచుకున్న పాఠాన్ని పైన నిలిపే పరిష్కర్త చేసే పని ఇదే. తన ఎంపికతో విభేదించడానికి కావలసిన సాధనాన్ని అతడే చదువరికి అందిస్తాడు.

5. నియమాల మూల్యం

అన్ని నియమాలూ ఇంత మేలు చేయవు. 1970 ప్రాంతంలో ఆర్థికశాస్త్ర పత్రికలకు పంపిన వ్యాసానికి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఆమోదం లభించేదనీ, శతాబ్దాంతానికి సమీక్షలూ సవరణలూ కలిసి దాదాపు రెండేళ్లు పడుతున్నాయనీ 2002లో ఎలిసన్ చూపారు. రచయిత పేరు దాచే పద్ధతిని అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ 2011లో విరమించింది. శోధన యంత్రాల కాలంలో పేరు దాగదన్నది ఒక కారణం. దాగని పేరును దాచినట్టు నటించడం కంటే ఇది నిజాయితీ కావచ్చు. అయితే పేరులేని యువ పరిశోధకులకు ఆ తెర కొంతైనా రక్షణ అన్న మాటను తేలిగ్గా తీసివేయలేం.

కాబట్టి నియమాన్ని అంచనా వేయడానికి ఒకే ప్రశ్న అడగాలి: ఇది పాఠకుణ్ణి ఆధారం దగ్గరికి తీసుకుపోతుందా, ఆధారం ఉన్నట్టు నమ్మిస్తుందా? ప్రామాణిక దోషం మొదటి జాతిది, నక్షత్రం రెండవ జాతిది. దత్తాంశ సమర్పణ మొదటిది, పేర్ల హాజరుపట్టీ రెండవది.

6. మన వ్యాసం వైపు

నా వ్యాసం ఒకటి ఫాంటు మార్చి పంపమంటూ ఒక పత్రిక నుంచి రెండుసార్లు తిరిగివచ్చింది. అందులో ఉదాహరించిన పద్యాలు ఏ ముద్రణలోనివో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, మూడు పద్యాలను మరొకరి వ్యాసం నుంచి ఎత్తి రాశానని ఒప్పుకోవలసి వచ్చేది. ఆ లోపాన్ని తర్వాత నేనే గుర్తించి సరిదిద్దుకున్నాను. ఒకే కావ్యానికి వేర్వేరు ముద్రణల్లో పద్యసంఖ్యలు మారడం మనకు తెలుసు. అయినా ఆశ్వాస, పద్యసంఖ్యలు వేస్తే ఆధారం చూపినట్టేనన్న నమ్మకంతో సాగిపోతున్నాం. ముద్రణ పేరు లేని పద్యసంఖ్య మన నక్షత్ర చిహ్నం.

జానపద పరిశోధనలో చిక్కు మరింత తీవ్రం. క్షేత్రపర్యటనలో సేకరించిన పాట వ్యాసంలో నాలుగు పాదాలుగా మిగులుతుంది, పూర్తి ధ్వనిముద్రణ పరిశోధకుడి ఫోన్‌తో పాటే పోతుంది. దానిని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచి, పాడినవారి అనుమతి, గోప్యతల మేరకు ఇతరులకు వినే వీలు కల్పించడం వ్యాస సమర్పణలో భాగం కావాలి.

7. ముగింపు

ఆర్థికశాస్త్ర పత్రికల చట్రాన్ని తెలుగు వ్యాసానికి యథాతథంగా తొడగాలన్నది ఈ పరిశీలన ఉద్దేశం కాదు. సాహిత్య విమర్శలో అనుభూతి, వ్యాఖ్యానం పట్టికలోకి ఒదగవు. కాని వ్యాఖ్యానం దేనిపై నిలిచిందో, ఆ పాఠం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం ఏ శాస్త్రానికైనా కనీస ధర్మం. ఒక విద్యార్థి తరగతి అభ్యాసంగా ఇద్దరు ప్రసిద్ధ ఆచార్యుల లెక్కను సరిచూడగలిగాడంటే, అతని ప్రతిభతో పాటు తెరిచి చూడటానికి ఒక పత్రం దొరకడం కూడా కారణం. మన వ్యాసాలను రేపటి విద్యార్థి అలా సరిచూడగలడా అన్నది ఫాంటు పరిమాణం కంటే ముందు పత్రికలు అడగవలసిన ప్రశ్న. పత్రికలు అడిగినా అడగకపోయినా, రచయితలుగా మనం ముందే వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే.